దాచిన గడ్డే ఇంటికి చేటు

ఆనందపురం : తెల్లవారక ముందే ఆనందపురం కూడలిలో పూల బుట్టలు దిగుతాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి బంతి, చామంతి, కనకాంబరం, మల్లె ఆటోల మీద, బస్సుల మీద వచ్చి చేరతాయి. ఆ పూలు కోసే చేతులు, కట్టే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. దండలో వాడిన పువ్వు ఒక్కటి పడినా ఆ చేతికి తెలిసిపోతుంది. చేనుకు పురుగు పడిందన్న అనుమానం వస్తే ఆకు తిరగేసి చూస్తారు. పాడిగేదె ఒక పూట కుడితి ముట్టకపోతే పశువుల డాక్టరుకు కబురు పెడతారు.

అదే ఆడమనిషికి స్నానం చేస్తుండగా తన రొమ్ములో శనగ గింజంత గడ్డ చేతికి తగిలితే మాత్రం మూడు నెలలు, ఆరు నెలలు నోరు విప్పదు. మొగుడికి చెప్పదు, కన్నతల్లికి కూడా చెప్పదు. గడ్డ నిమ్మకాయంత అయి, చర్మం పుండు పడి, చంకలో బిళ్ల కట్టి, చెయ్యి వాచిన తర్వాత ఆస్పత్రికి బయల్దేరుతుంది. అప్పటికి ఊరు దాన్ని రాచపుండు అంటుంది. "ముందే వస్తే బాగుండేదమ్మా" అంటాడు డాక్టరు.

ఇంటి కోసమే దాచానని ఆ ఇల్లాలు అనుకుంటుంది. పని ఆగుతుందని, డబ్బు ఖర్చవుతుందని, ఎదిగిన పిల్ల పెళ్లికి అడ్డొస్తుందని దాస్తుంది. నిజానికి ఇంటికి చేటు తెచ్చేది ఆ దాపరికమే. వేళకు చూపించుకుని, వైద్యం పూర్తి చేయించుకుని, పిల్లలను పెంచి పెద్ద చేసిన వాళ్లు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరు ఈ ఉత్తరాంధ్ర ఆడపడుచే. ఊరూరా తెలిసిన మనిషి.

వెండితెర గౌతమి కథ

"గాంధీనగర్ రెండవ వీధి", "శ్రీనివాస కళ్యాణం" చూసిన వాళ్లకు నటి గౌతమి గుర్తుండే ఉంటుంది. "క్షత్రియపుత్రుడు"లో కమల్ హాసన్ పక్కన కనిపించిన మనిషి ఆమే. పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలో. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. విశాఖపట్నంలోని గీతంలో ఇంజనీరింగు చదువుకుంటున్న రోజుల్లో ఆమెకు సినిమాల్లో అవకాశం వచ్చింది. 1987 నుంచి పదేళ్ల పాటు తెలుగు, తమిళ చిత్రాల్లో పేరున్న కథానాయికగా వెలిగింది.

ఆమెకు 35 ఏళ్ల వయసులో రొమ్ము కేన్సర్ అని తేలింది. కూతురు అప్పటికి ఇంకా చిన్నపిల్ల. ఆ గడ్డను మొదట కనిపెట్టింది గౌతమే. డాక్టర్ల ఇంట పుట్టిన మనిషి అయినా ముందుగా ఆ గడ్డ తగిలింది ఆమె చేతికే. తగిలిన గడ్డను ఆమె దాచలేదు. వెంటనే పరీక్ష చేయించుకుంది. వైద్యం మధ్యలో మానకుండా చివరి దాకా చేయించుకుంది.

అది జరిగి ఇప్పటికి ఇరవై ఏళ్లయింది. ఈ ఇరవై ఏళ్లలో ఆమె కూతురిని పెంచి పెద్దదాన్ని చేసింది. 2015లో తమిళ "పాపనాశం"తో మళ్లీ తెర మీదికి వచ్చింది. 2016లో తెలుగు "మనమంతా"లో మోహన్ లాల్ సరసన మధ్యతరగతి ఇల్లాలిగా నటించింది. జబ్బు సంగతి దాచుకోకుండా ఊళ్లు తిరిగి నలుగురికీ చెప్పింది. కేన్సర్ బారిన పడిన వాళ్లకు ధైర్యం చెప్పడానికి "లైఫ్ ఎగైన్" అనే సంస్థ పెట్టింది. మళ్లీ బతుకు అని ఆ పేరుకు అర్థం.

సినిమా వాళ్లకు డబ్బుంటుంది, వాళ్లకు చెల్లుతుంది అనేవాళ్లు ఉంటారు. డబ్బు మాట తర్వాత చూద్దాం. గౌతమి విషయంలో మొదటి మేలు డబ్బుతో జరగలేదు. చేతికి తగిలిన గడ్డను ఆమె తేలిగ్గా తీసుకోలేదు. ఆ పని పూలు కట్టే ఇల్లాలూ చేయగలదు, పైసా ఖర్చు లేకుండా.

"నొప్పి లేదు కదా"

మన పల్లెల్లో మొదట వినిపించే మాట ఇది. నొప్పి పుడితే జబ్బు, పుట్టకపోతే ఏమీ లేదని లెక్క. రొమ్ము కేన్సర్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పుట్టదు. నొప్పి లేని గట్టి గడ్డనే ముందు అనుమానించాలి.

కనిపెట్టవలసిన గుర్తులు ఇంకా ఉన్నాయి. రొమ్ము మీద చర్మం సొట్ట పడడం, కమలా పండు తొక్కలా గరుకుగా మారడం, ఇదివరకు లేని విధంగా చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కలిసిన నీరు కారడం, చనుమొన మీద మానని పుండు, రెండు రొమ్ముల ఆకారంలో కొత్తగా తేడా రావడం, చంకలో బిళ్ల కట్టడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా డాక్టరుకు చూపించాలి.

అయితే గడ్డ తగలగానే గుండె జారిపోవలసిన పని లేదు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం కేన్సర్ గడ్డలు కావు. వయసు పిల్లల్లో వచ్చే గడ్డలు, నీటి తిత్తులు, పాలిచ్చే తల్లికి పాలు గడ్డ కట్టడం ఇలాంటివి చాలా ఉంటాయి. ఏది ఏదో చేత్తో తడిమి ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. అందుకు పరీక్షలు ఉన్నాయి.

నెలకోసారి తనను తాను చూసుకోవడం మంచి అలవాటు. బహిష్టు మొదలైన రోజు నుంచి లెక్క పెట్టి ఆరేడు రోజులయ్యాక చూసుకోవాలి. అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది. ముట్లుడిగిన వాళ్లు నెలలో ఒక తారీఖు పెట్టుకుంటే సరిపోతుంది. డ్వాక్రా పొదుపు కట్టే తారీఖు పెట్టుకుంటే మరిచిపోవడం ఉండదు. అద్దం ముందు నిలబడి ఆకారం చూసుకోవాలి. తర్వాత మూడు వేళ్ల మెత్తని భాగంతో రొమ్మంతా గుండ్రంగా తడిమి, చంక కూడా చూసుకోవాలి. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు. తన ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి మారినప్పుడు త్వరగా తెలుస్తుంది. దాని ఉపయోగం అంతే.

"మగ డాక్టరు ముందు ఎలా"

రెండో అడ్డు సిగ్గు. సిగ్గు ఆడదానికి సొమ్ము అని పెంచిన పెంపకం ఇది. ఒక్క రోజులో పోదు. అలాంటి వాళ్లకు దారి ఊళ్లోనే ఉంది. ఆశా కార్యకర్త ఆడమనిషి. ఏఎన్ఎం ఆడమనిషి. ముందు వాళ్ల చెవిన వేయవచ్చు. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్ల రొమ్ము పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. నోటి కేన్సరుకు, గర్భాశయ ముఖద్వార కేన్సరుకు కూడా పరీక్ష చేస్తారు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఈ మూడు కేన్సర్ల కోసం ఇంటింటి సర్వే మొదలుపెట్టింది.

ఇలా చేత్తో చూసే పరీక్ష వల్ల లాభం ఉంటుందా అని అనుమానపడే వాళ్లకు బొంబాయిలో జరిగిన పని జవాబు చెబుతుంది. టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు 1998లో అక్కడి మురికివాడల్లో ఈ పని మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల లోపు ఆడవాళ్లు సుమారు లక్షన్నర మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగం వాళ్లకు రెండేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయించారు. ఆ పరీక్ష చేసింది డాక్టర్లు కారు. తర్ఫీదు ఇచ్చి పంపిన ఆడ ఆరోగ్య కార్యకర్తలు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పరీక్ష జరిగిన వాళ్లలో జబ్బు ముదరక ముందే బయటపడింది. 50 ఏళ్లు, ఆ పైన వయసున్న వాళ్లలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో అంత తేడా కనబడలేదు. కాబట్టి "ముసలిదాన్ని, నాకెందుకమ్మా ఈ పరీక్షలు" అనే మామ్మకే ఈ పరీక్ష ఎక్కువ అవసరం.

మన తెలుగు నేల మీదా ఇలాంటి ప్రయత్నం జరిగింది. హైదరాబాదుకు చెందిన డాక్టర్ ఉషాలక్ష్మి స్త్రీల వైద్యురాలు. ఎందరికో పురుళ్లు పోసిన ఆమెకే రొమ్ము కేన్సర్ వచ్చింది. ఇంగ్లండులో పని చేస్తున్న ఆమె కుమారుడు, శస్త్రవైద్యుడు డాక్టర్ పి. రఘురామ్ స్వదేశం తిరిగి వచ్చి 2007లో తల్లి పేరున ఫౌండేషన్ నెలకొల్పారు. 2012 నుంచి తెలంగాణ, ఆంధ్ర జిల్లాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదిచ్చి పేద ఆడవాళ్లకు ఈ పరీక్షలు చేయించారు. డాక్టరమ్మకు వచ్చిన జబ్బు కూలి చేసుకునే ఆడదానికీ రావచ్చు. రావడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

"ఖర్చు ఎక్కడ తేగలం"

మూడో అడ్డు డబ్బు. ఒకప్పుడు ఈ భయం నిజమే. కేన్సర్ అంటే ఉత్తరాంధ్ర మనిషి వాల్తేరు స్టేషనులో మెయిలెక్కి మద్రాసు వెళ్లేవాడు. అక్కడ అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపించిన కేన్సర్ ఇన్ స్టిట్యూట్ ఉంది. కాకుంటే 1955లో మొదలైన హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి. కలిగిన వాళ్లు బొంబాయి టాటా ఆస్పత్రి దాకా పోయేవారు. పొలం అమ్మి వెళ్లిన వాళ్లున్నారు. అమ్మడానికి ఏమీ లేక ఇంట్లోనే కన్ను మూసిన వాళ్లు ఇంకా ఎక్కువ.

ఇవాళ టాటా వారి వైద్యం విశాఖ జిల్లాకే వచ్చింది. అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. ఇది బొంబాయి టాటా మెమోరియల్ సెంటరుకు చెందినదే. కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ కింద నడుస్తుంది. ఆనందపురం నగరానికి ఈ చివర అయితే అగనంపూడి ఆ చివర, ఉక్కు కర్మాగారం దాటాక. మధురవాడ, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా దారి. నగరం మధ్యలో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జి ఆస్పత్రి, మనవాళ్లు కేజీహెచ్ అనే పెద్దాస్పత్రి, ఉండనే ఉంది. అక్కడా కేన్సర్ వైద్యం చేస్తారు.

పేదల వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించే పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అర్హత ఉన్న కుటుంబాలకు కేన్సర్ ఆపరేషన్లు, మందులు ఎక్కించడం, కరెంటు పెట్టడం దీని కిందికి వస్తాయి. బియ్యం కార్డు, ఆధార్ కార్డు తీసుకుని ఆస్పత్రిలోని వైద్య మిత్రను ముందుగా కలవాలి. మొదటే అడగకుండా డబ్బు కట్టేసి తర్వాత తిరిగి ఇమ్మంటే చిక్కు. వైద్యం కోసం దూరం రైల్లో వెళ్లవలసి వస్తే రోగికి, తోడు వెళ్లే మనిషికి టిక్కెట్టులో రాయితీ ఉంది. ఆస్పత్రి ఇచ్చే పత్రం చూపాలి.

ముదిరిన జబ్బుకు ఎక్కువ మందులు, ఎక్కువ రోజులు, ఎక్కువ ఖర్చు. చిన్న గడ్డకు అన్నీ తక్కువే. డబ్బు లేనివాళ్లే ముందుగా పరిగెత్తాలి.

ఆస్పత్రిలో జరిగేది ఏమిటి

తెలియని దానికి భయం ఎక్కువ. అందుకే జరిగేది తెలుసుకోవడం మంచిది. ముందు డాక్టరు చేత్తో చూస్తారు. తర్వాత రొమ్ముకు మామోగ్రామ్ అనే ఎక్స్ రే, స్కానింగ్ తీస్తారు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఊళ్లలో ఒక ప్రచారం ఉంది. అది నిజం కాదు. ముక్క పరీక్ష చేయకుండా ఏ మందు వాడాలో తెలియదు.

కేన్సర్ అని తేలితే ఆపరేషన్ చేస్తారు. గడ్డ చిన్నదైతే చాలామందికి రొమ్ము తీయకుండా గడ్డ వరకే తీయవచ్చు. అప్పుడు మిగిలిన రొమ్ముకు సాధారణంగా కరెంటు పెడతారు. గడ్డ పెద్దదైతే రొమ్ము తీసివేయవలసి రావచ్చు. సెలైన్ లాగా నరం లోకి ఎక్కించే మందులను కీమో అంటారు. ఇది రెండు, మూడు వారాలకోసారి కొన్ని నెలలు సాగుతుంది. కరెంటు పెట్టడం వారానికి ఐదు రోజుల చొప్పున సాధారణంగా మూడు నుంచి ఐదు వారాలు. కొందరికి ఆ తర్వాత ఐదేళ్లు, పదేళ్లు రోజూ ఒక మాత్ర వేసుకోవలసి ఉంటుంది. అందరికీ అన్నీ అవసరం ఉండవు. ఎవరికి ఏది అన్నది ముక్క పరీక్ష చెబుతుంది.

కీమోతో జుట్టు ఊడుతుంది. వాంతులు, నీరసం, నోటిపూత రావచ్చు. వైద్యం అయ్యాక జుట్టు మళ్లీ వస్తుంది. ఇంట్లో వాళ్లు ఒక్క సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లవారే దాకా ఆగకూడదు. మందుల షాపులో మాత్ర కొని సరిపెట్టకూడదు. ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అందరూ బతుకుతారని చెప్పడం అబద్ధం అవుతుంది. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము కేన్సర్ వచ్చిందని, ఆ ఏడాది 98,000 మంది పైగా దీనితో చనిపోయారని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఎముకలకు, కాలేయానికి పాకిన జబ్బును అదుపులో పెట్టి కొన్నేళ్లు బతికించగలరు గానీ పూర్తిగా పోగొట్టడం కష్టం. గడ్డ రొమ్ము దాటక ముందు వచ్చిన వాళ్లలో చాలామంది జబ్బు నుంచి బయటపడతారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఇంట్లో దాచిన నెలలదే.

మొగుడు, అత్త, పిల్లలు

ఆడమనిషి మంచం పడితే ఇల్లు తలకిందులవుతుంది. పొయ్యి వెలిగించేది, పశువుల దగ్గర చూసేది, పిల్లలను బడికి పంపేది ఆమే. ఆ పనులు ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకున్న ఇంట్లో వైద్యం ఆగదు. మాట్లాడుకోని ఇంట్లో ఇల్లాలు రెండు కీమోలు అయ్యాక "పర్వాలేదు, నాకు బాగానే ఉంది" అని మానేస్తుంది. గడ్డ తగ్గిందని మానేసిన వాళ్లకు జబ్బు తిరగబెట్టిందంటే రెండోసారి వైద్యం ఇంకా కష్టం.

మగవాడు అన్నం వండితే తప్పు లేదు. అత్తగారు కోడలికి గంజి కాచి ఇస్తే చిన్నతనం లేదు. ఆస్పత్రి తారీఖులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించడం, రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టడం, ప్రతిసారీ వీలైనంత వరకు ఒకే మనిషి తోడు వెళ్లడం. ఇవి చదువుతో పని లేని సాయాలు. డాక్టరు ఏం చెప్పాడో ఆ తోడు మనిషికి గుర్తుంటుంది.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, తల్లి బిడ్డను ఎత్తుకున్నా అంటదు. ఆమె కంచం వేరు పెట్టవలసిన పని లేదు. భార్యాభర్తల కాపురానికి కూడా ఈ జబ్బు అడ్డు కాదు. ఒంట్లో ఓపిక వచ్చాక మామూలుగా ఉండవచ్చు. వైద్యం నడుస్తున్నప్పుడు మాత్రం గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. పడుచు వాళ్లు ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ సంగతి వైద్యం మొదలు పెట్టక ముందే డాక్టరుకు చెప్పాలి. రొమ్ము తీసివేసిన ఆడదానికి మనసులో ఒక వెలితి ఉంటుంది. జాకెట్టు లోపల పెట్టుకునే గుడ్డ మెత్త ఆకారానికి సాయపడుతుంది. మనసులో వెలితికి మాత్రం మొగుడు మాట్లాడే మంచి మాటను మించిన మందు లేదు.

పిల్లలకు చెప్పకుండా దాచడం మేలని పెద్దలు అనుకుంటారు. పిల్లలు అన్నీ చూస్తూనే ఉంటారు. తల్లి జుట్టు ఊడడం చూసి, ఏడవడం చూసి, తాము అల్లరి చేసినందుకే అమ్మకు ఇలా అయిందని చిన్నవాళ్లు బెంగ పెట్టుకుంటారు. "అమ్మకు గడ్డ వచ్చింది, డాక్టర్లు మందు ఇస్తున్నారు, నీ వల్ల రాలేదు" అని చెబితే ఆ పసిమనసు కుదుటపడుతుంది.

ఎదిగిన కూతురి పెళ్లి మాట

అన్నిటి కంటే లోతైన భయం ఇది. తల్లికి కేన్సర్ అని తెలిస్తే పిల్లకు సంబంధాలు రావని తల్లులు నోరు కుట్టేసుకుంటారు. తెలుసుకోవలసింది ఏమిటంటే, రొమ్ము కేన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది వరకే. మిగిలినవన్నీ అలా వచ్చేవి కావు. తల్లికి వచ్చినంత మాత్రాన కూతురికి వచ్చి తీరాలని లేదు. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు డాక్టరుకు చెప్పి ముందు నుంచీ పరీక్షలు చేయించుకుంటే మంచిది. ఆ కూతురికి తల్లి చేయగల మేలు నిజం చెప్పడం. దాచి పోయిన తల్లి కూతురికి పెళ్లి చేయలేదు. చూపించుకుని బతికిన తల్లి పీటల పక్కన నిలబడుతుంది.

పాలిస్తే కేన్సర్ వస్తుందని, దెబ్బ తగిలితే వస్తుందని, ఎవరో చేతబడి చేస్తే వస్తుందని చెప్పుకునేవి నిజాలు కావు. బిడ్డకు పాలివ్వడం వల్ల ఈ జబ్బు వచ్చే అవకాశం కొంత తగ్గుతుంది. నూటికి ఒకటి చొప్పున మగవాళ్లకూ వస్తుంది. కాబట్టి మగవాడు కూడా తన రొమ్ము మీద గడ్డను నవ్వి వదిలేయకూడదు.

తిండి, పసరు, మొక్కు

మొక్కు మొక్కుకోవచ్చు. సింహాచలం అప్పన్నకు తలనీలాలు ఇస్తానని అనుకోవచ్చు. మొక్కు మనసుకు బలం. చిక్కు ఎక్కడంటే, గడ్డకు ఆకు పసరు కట్టి, నిప్పుతో కాల్పించి, చూద్దాం చూద్దామని నెలలు గడపడంలో. పసరుతో పైన చర్మం పుండవుతుంది. లోపల గడ్డ పెరుగుతూనే ఉంటుంది. దేవుడి మొక్కు, డాక్టరు మందు ఒకేసారి సాగవచ్చు. ఒకదాని కోసం రెండోది ఆపకూడదు.

తిండి విషయంలోనూ పథ్యాలు పెట్టి మనిషిని ఎండబెట్టేస్తారు. కోడిగుడ్డు, పప్పు, చేప, పాలు, పెరుగు, ఆకుకూర అన్నీ తినవచ్చు. చోడి అంబలి మంచిది. శుభ్రంగా, బాగా ఉడికించి, వేడిగా పెట్టాలి. కీమో రోజుల్లో పచ్చిగుడ్డు, నిలవ కూరలు, రోడ్డు పక్క కోసి పెట్టిన పళ్లు వద్దు. ఒకేసారి తినలేకపోతే కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మన ఆడవాళ్లది. ఆ ఏడాది మాత్రం ముందు కంచం ఆమెకు పెట్టాలి.

బాగయిన తర్వాత

వైద్యం అయిపోయిందని ఫైలు అటక మీద పడేయకూడదు. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం చూపించుకోవాలి. ఏడాదికోసారి మామోగ్రామ్ తీయించాలి. రోజూ వేసుకోమన్న మాత్ర ఒంట్లో బాగుందని మానకూడదు.

చంకలో బిళ్లలు తీసిన వైపు చెయ్యి కొందరికి వాస్తుంది. ఆపరేషన్ అయ్యాక నర్సు నేర్పిన చేతి కసరత్తులు మానకుండా చేస్తే మేలు. గోడకు వేళ్లు ఆనించి మెల్లగా పైకి పాకించడం అలాంటి కసరత్తే. కనకాంబరాలు కోసేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు ఆ చేతికి ముల్లు, కొడవలి తగలకుండా చూసుకోవాలి. తగిలితే సబ్బుతో కడిగి మందు రాయాలి. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉంటే వెంటనే చూపించాలి. పూర్తిగా పని మానేసి కూర్చోవలసిన అవసరం లేదు. రోజూ అరగంట నడక, ఓపిక ఉన్నంత పని ఒంటికీ మంచిదే, మనసుకూ మంచిదే.

బాగయిన ఆడమనిషి ఊళ్లో నలుగురికీ చెబితే ఆ ఊరికి అంతకంటే పెద్ద ఆరోగ్య ప్రచారం అక్కర్లేదు. గౌతమి సినిమా వాళ్ల మధ్య చేసిన పని అదే. డ్వాక్రా సంఘం సమావేశంలో అప్పుల లెక్క, పొదుపు లెక్క అయ్యాక ఐదు నిమిషాలు ఈ మాటకు ఇవ్వవచ్చు. "ఈ నెల చూసుకున్నావా అప్పా" అని ఒకరినొకరు అడగడం చాలు. సిగ్గు పోవడానికి అదే మొదటి మెట్టు.

ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఈసారి గుమ్మంలోకి వచ్చి అడిగితే "పూల కోత ఉంది, తర్వాత రండమ్మా" అని తిప్పి పంపవద్దు. పూలు ఓ గంట ఆగుతాయి. గడ్డ ఆగదు.